కోతి దవడల్లో గింజలు

కొండ మీదికి మూడు రోజుల పరుగుపందెం. ఎవరి తిండి వాళ్లే మోసుకోవాలి, దారిలో ఒకరికొకరు సాయం చేసుకోకూడదు. కోతి రెండు దవడల్లోనూ వేరుశనగ గింజలు కుక్కుకుని బయల్దేరింది.

రెండోరోజు దారి రెండుగా చీలింది. "కోతన్నా, ఇటేనా?" అని ముందున్న కుందేలు అడిగింది. అటు ఊబి ఉందని కోతికి తెలుసు. చెప్పాలంటే గింజలన్నీ ఉమ్మెయ్యాలి. పైగా, చెబితే సాయం చేసినట్టే కదా! కోతి పలకలేదు. ఇటే కాబోలనుకుని కుందేలు గెంతుకుంటూ పోయింది.

కొండ మీదికి కోతే ముందు చేరింది. దవడల్లో ఇంకా సగం గింజలు మిగిలే ఉన్నాయి. కుందేలు రానే లేదు.

ఇప్పుడు కోతి ఆ చీలిక దగ్గరే ఖాళీ దవడలతో కూర్చుని, "అటు పోకండి, ఊబి!" అని అరుస్తుంటుంది. ఎవరూ రాని రోజున కూడా.