ఏడో నంబరు చేతులు

"ఏడో నంబరు ప్లేటు ఎవరిది?" అడిగింది క్యాథరిన్.

ముత్తుకూరు దగ్గరున్న రొయ్యల కంపెనీలో ల్యాబు ఆమెదే. ఆమె ముందు బల్ల మీద పది ప్లేట్లు వరుసగా ఉన్నాయి.

క్రిములను చంపుతాయని చెప్పి మూడు రకాల సబ్బులు తెప్పించారు. వాటిలో ఏది బాగా పనిచేస్తుందో తేల్చి సాయంత్రంలోగా రిపోర్టు పంపాలి. ఈ రొయ్యలు కొనే విదేశీయులు కోడిగుడ్డు మీద ఈకలు పీకే రకం.

రెండు రోజుల కిందట తొమ్మిది మంది ఆడవాళ్లు కొత్త సబ్బులతో చేతులు కడిగి, ఈ ప్లేట్ల మీద వేళ్లు అద్దారు. పోల్చి చూడటానికి ఒకామె మాత్రం మామూలు సబ్బుతో కడిగింది. వేళ్ల మీద మిగిలిన బాక్టీరియా రెండు రోజుల్లో పెరిగి చుక్కలుగా కనబడుతుంది.

కొత్త సబ్బులవాళ్లకు ముప్ఫై, నలభై చుక్కలు వచ్చాయి.

మామూలు సబ్బుతో కడిగిన ఏడో నంబరుకు రెండే రెండు.

"సుల్తాన్‌బీది మేడమ్," అన్నాడు సూపర్‌వైజర్ విజయభాస్కర్. "పోయిన నెల చేరింది గదా, యాప్రాన్లు ఉతికే ముసలామె. ఆమె చేతులు కడుక్కునే లోపల పోర్టుకు ఓడొచ్చి, సరుకు దించి, తిరిగి పోతాది."

క్యాథరిన్ నవ్వలేదు.

ఆ కంపెనీలో ఒక పాత మోసం ఉంది. చేతులు కడిగే కుళాయి పక్కనే క్లోరిన్ నీళ్ల తొట్టి ఉంటుంది. పరీక్షలో తప్పుతామని భయపడేవాళ్లు ఎవరూ చూడకుండా వేళ్లు అందులో ముంచి వస్తారు. అందుకే అక్కడ చుక్కలు మరీ ఎక్కువైతే తిట్టేవారు, మరీ తక్కువైతే అనుమానించేవారు.

సుల్తాన్‌బీని పిలిపించింది.

"క్లోరిన్‌లో ముంచినావా పెద్దమ్మా?"

"లేదమ్మా."

"మరి ఇంత శుభ్రం ఎట్టా వచ్చింది?"

"కడిగినానమ్మా."

"అందరూ కడిగినోళ్లే గదా!"

సుల్తాన్‌బీ తన చేతుల వైపు చూసుకుంది. తరువాత నెమ్మదిగా అంది.

"ఇంకోసారి చూడమ్మా. నీ ఎదురుగానే కడుగుతా."

కడిగింది. గోళ్ల కింద, వేళ్ల సందుల్లో, బొటనవేలి చుట్టూ, మణికట్టు దాటి మోచేతుల దాకా. తొందరన్నది లేదు. చేతులు పైకెత్తి, నీళ్లన్నీ మోచేతుల నుంచి కారిపోయేదాకా నిలబడింది. కుళాయిని మోచేత్తో కట్టేసి, వచ్చి ప్లేటు మీద వేళ్లు అద్దింది.

ఆ ప్లేటు ఫలితం చెప్పాలంటే మళ్లీ రెండు రోజులు పడుతుంది. రిపోర్టేమో సాయంత్రానికే పోవాలి.

"ఏడో నంబరు మోసం చేసిందని రాసేయండి మేడమ్," అన్నాడు విజయభాస్కర్. "పరీక్షలో మోసం చేసినోళ్లను పనిలోంచి తీసేసేది మన రూలే గదా."

"పని పోతే పోనీమ్మా." సుల్తాన్‌బీ రెండు చేతులూ ముందుకు చాచింది. "ఈ చేతులు మోసం చేసినాయని మాత్రం రాయబాకు."

క్యాథరిన్ మోసమనే రాసింది.

రెండు రోజుల తరువాత రెండో ప్లేటు తీసి వెలుతురుకు పట్టింది.

ఒక్క చుక్క.

అటు తిప్పింది, ఇటు తిప్పింది. భూతద్దం పెట్టి చూసింది. అదే ఒక్క చుక్క.

తల కొట్టేసినట్టయింది ఆమెకు. ఆ సిగ్గు వెనకే పెద్ద ఆశ్చర్యం కమ్ముకుంది. ఆరేళ్ల ఉద్యోగంలో వేల ప్లేట్లు చూసింది. అంత ఖరీదైన సబ్బులు చేయలేని పనిని మామూలు సబ్బుతో చేసిన చేతులను మాత్రం ఎన్నడూ చూడలేదు.

మధ్యాహ్నం సుల్తాన్‌బీ అద్దెకుండే గదికి వెళ్లింది. తాళం వేసి ఉంది.

"నిన్ననే ఖాళీ చేసిందమ్మా," అంది ఇంటావిడ కామాక్షమ్మ. "యాడికని అడిగితే చెప్పలా. ఆమెకు ఫోను గూడా లేదు."

క్యాథరిన్ తిరిగి వచ్చి, తప్పు ఒప్పుకుంటూ ఇంకో రిపోర్టు పంపింది. కానీ ఆ సంగతి తెలియాల్సిన మనిషికి తెలిపే దారే లేదు.

ఆ రోజే నెలకోసారి పనివాళ్లను చూడటానికి వచ్చే డాక్టర్ కృపాదానం వచ్చారు. క్యాథరిన్ ఆయన ముందు రెండు ప్లేట్లూ పెట్టింది.

"మామూలు సబ్బుతో ఇట్టా వస్తుందా సార్?"

ఆయన చాలాసేపు చూశారు.

"నాకు తెలిసి ఒక్కరికే వచ్చేది. ఎవరివమ్మా ఈ చేతులు?"

"సుల్తాన్‌బీ అని..."

ఆ పేరు వినగానే ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"ఎక్కడుంది?"

క్యాథరిన్ ఏదీ దాచకుండా చెప్పింది, తాను రాసిన మాటతో సహా. ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది ఆమెకు.

"ఆమె నర్సా సార్?"

"కాదు. మా పెద్దాసుపత్రిలో ఆయా. సంతకం గూడా రాదు. పర్మనెంటు కాలేదు కాబట్టి పింఛనూ లేదు."

"నాతో ఏమీ చెప్పలేదు సార్."

"నువ్వు అడిగినావా అమ్మా?"

క్యాథరిన్ రెండు ప్లేట్లూ దగ్గరికి జరుపుకుంది.

"నెలలు నిండని బిడ్డల వార్డు గుమ్మంలో ఇరవై ఎనిమిదేళ్లు నిలబడింది," అన్నారాయన. "అరచేతిలో పట్టే బిడ్డలమ్మా వాళ్లు. వాళ్లను తాకేముందు సూపరింటెండెంటుతో సహా డాక్టర్లందరం కడిగిన చేతులు చాచి ఆమె ముందు వరసలో నిలబడేవాళ్లం. ఆమె చూసి 'మళ్లీ కడుక్కోని రా నాయనా' అంటే, నోరెత్తకుండా పోయి మళ్లీ కడుక్కొచ్చేవాళ్లం."