జలగను వదిలించుకున్న ఆట

ఆర్మాన్ విసిరిన మోచేతికి తౌనో ముందుపన్ను ఊడి మంచు మీద పడింది.

తౌనో వంగి దాన్ని తీసుకున్నాడు. గ్లౌజులో వేసుకున్నాడు. మళ్ళీ వచ్చి ఆర్మాన్ పక్కనే నిలబడ్డాడు.

"జలగా! పోరా జలగా!" స్టేడియమంతా ఒకటే అరుపు.

ఆ చలికాలం మా కాగితం మిల్లు ఊరికి తౌనోని మించిన శత్రువు లేడు. గని ఊరి ఐస్ హాకీ జట్టులో ముప్పై దాటిన ముదురు ఆటగాడతను. గోల్ కొట్టాలన్న యావే లేదు మహానుభావుడికి. ఎదుటి జట్టులో బాగా ఆడేవాడెవడో చూసుకుని, ఆట మొదలైంది మొదలు వాడికి అంటుకుని తిరగడమే ఆయనగారి ఉద్యోగం. ఇన్నేళ్ళూ అదే చేసి బతికాడు.

ఆదివారంనాడు శత్రువుల్ని ప్రేమించమని చెప్పే ఫాదర్ ఓవిలా కూడా ముందు వరసలో కూచుని, "వాడి తల పగలగొట్టండ్రా!" అని గొంతు చించుకునేవాడు.

ఎందుకంటే ఫైనల్లో తౌనో అంటుకున్నది మా ఆర్మాన్‌కి.

ఆర్మాన్‌కి ఇరవయ్యేళ్ళు. బిళ్ళ వాడి కర్రకి అందిందంటే గోల్ పడ్డట్టే. చివరి ఆట చూడ్డానికి మాంట్రియల్ నుంచి పెద్ద జట్టు మనిషి వస్తున్నాడు. ఆయన కంట్లో పడితే వాడు మళ్ళీ మిల్లు గేటు తొక్కక్కర్లేదు. ఆ ఒక్క ఆశతో ఊరంతా ఊపిరి బిగబట్టుకుని ఉంది.

ఏడు ఆటల ఫైనల్లో ఇది ఆరోది. తౌనో పుణ్యమా అని ఆర్మాన్ ఇంతవరకూ కొట్టింది ఒక్కటే గోల్.

గని జట్టులోనే మక్‌గార్విన్ అని ఓ కొండంత మనిషి ఉన్నాడు. అందరూ గొడ్డలి అనేవారు. ఆ రోజు వాడు మైదానం చుట్టూ ఉన్న గోడ వైపు దూసుకొచ్చి, ఆర్మాన్‌కి అతుక్కుని ఉన్న తౌనోనే గుద్దేశాడు. తౌనో ముక్కు పగిలి రక్తం బొటబొటా కారింది.

"సొంతవాళ్ళే తన్నుకుంటున్నార్రోయ్!" అని మా ఊరు విరగబడి నవ్వింది.

విరామంలో ఆర్మాన్ తన అన్న లియొనెల్ పక్కన కూలబడ్డాడు. అన్న కూడా మా జట్టే, డిఫెన్సులో ఆడతాడు.

"ఊపిరాడనివ్వట్లేదన్నా. ఎటు తిరిగినా వాడి మొహమే."

"వాడి చెయ్యి విరగ్గొట్టెయ్."

"రిఫరీ చూస్తే?"

"చూడడు. ఆ చివర నేను గొడవ పెడతా. అందరూ అటు పరిగెడతారు. నువ్వు కానిచ్చెయ్."

"చెయ్యే విరగ్గొట్టాలా?"

"నీకు మాంట్రియల్ కావాలా, మిల్లు కావాలా?"

ఆర్మాన్ కర్ర అందుకుని లేచాడు.

ఆట మొదలవగానే లియొనెల్ అటు మూలలో ఒకణ్ణి కిందేసి మొహం మీద పిడిగుద్దులు గుద్దసాగాడు. రిఫరీలు అటు పరిగెత్తారు. ఇటు ఆర్మాన్ కర్రని రెండు చేతులా ఎత్తి తౌనో మణికట్టు మీద దించాడు.

ఎముక విరిగిన చప్పుడు మా బెంచీ దాకా వినబడింది.

తౌనో మోకాళ్ళ మీద పడ్డాడు. నొప్పికి మొహం తెల్లగా పాలిపోయింది. తలెత్తి ఆర్మాన్‌ని చూశాడు.

"తర్వాతి ఆటలో ఒక్కడివే మూలల్లోకి వెళ్ళకబ్బాయ్."

"బెదిరిస్తున్నావట్రా జలగా!" అన్నాడు ఆర్మాన్.

ఆ ఆట మేం గెలిచాం. చెరి మూడు ఆటలూ అయ్యాయి. ఆ చేత్తో తౌనో ఇక కర్ర పట్టలేడని డాక్టరు చెప్పాడట. ఆ కబురు విని మా వాళ్ళు బీరు సీసాలు విప్పారు, సిగ్గు లేకుండా.

చివరి ఆటలో ఆర్మాన్‌ని పట్టేవాడే లేడు. కట్లు తెంచుకున్న కోడెలా తిరిగాడు. చూస్తుండగానే రెండు గోల్సు కొట్టాడు. మాంట్రియల్ మనిషి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

బిళ్ళ దొర్లుకుంటూ మూలకి పోయింది. ఆర్మాన్ దాని వెంట వెళ్ళాడు. ఒక్కడే.

వెనకనుంచి గొడ్డలి వచ్చాడు. మొత్తం బరువుతో ఆర్మాన్ వంచిన కాలి మీద పడ్డాడు.

మోకాలు పక్కకి మడతపడింది. ఆర్మాన్ పెట్టిన కేక విని చాలామంది చెవులు మూసుకున్నారు. లియొనెల్ పరిగెత్తుకెళ్ళి తమ్ముణ్ణి ఒళ్ళోకి తీసుకున్నాడు. కిందపడి పగిలిన ఆర్మాన్ పెదవి రక్తం అన్న చొక్కా అంతా అయింది.

"నా కాలన్నా... నా కాలు..."

స్ట్రెచర్ తలుపు దాటకముందే మాంట్రియల్ మనిషి టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

కప్పు మేమే గెలిచాం. ఎత్తడానికి ఎవరికీ మనసొప్పలేదు.

ఎంత రక్తం కారినా, ఫైనల్ అయ్యాక రెండు జట్లూ వరసలో ఎదురెదురుగా నడుస్తూ చేతులు కలపాల్సిందే. లియొనెల్ కూడా పళ్ళు బిగించి నిలబడ్డాడు.

గని జట్టు వరసలో తౌనో వచ్చాడు. ఓవర్‌కోటు వేసుకున్నాడు. కుడిచేతికి కట్టు. ఎడమచెయ్యి చాపాడు.

"తమ్ముడికి ఎలా ఉంది?"

లియొనెల్ ఆ చేతిమీద కాండ్రించి ఉమ్మేశాడు.

తౌనో కోటుకి చెయ్యి తుడుచుకుని ముందుకి కదిలాడు. అతని వెనకే గొడ్డలి. లియొనెల్ వాడి కాలరు పట్టుకుని పిడికిలి ఎత్తాడు.

గొడ్డలి అడ్డుకోలేదు.

"కొట్టు. పడతాను. కానీ ఆ ఉమ్మేదేదో నా మీద ఉమ్మాల్సింది."

"ఏం, వాడేమన్నా దేవుడా?"

"మీ వాడి మోకాలు తీసెయ్యమని మా కోచ్ మొదటి ఆటనుంచీ నన్ను పోరుతుంటే, 'ఆ కుర్రాడు నావాడు, వాణ్ణి ముట్టుకోవాలంటే ముందు నన్ను పడగొట్టండి' అని ప్రతిసారీ అడ్డం నిలబడింది ఆయనొక్కడే."