రమ్మనకూడని ఇల్లు

బావమరిదికి ఆశీస్సులు.

నా రాత కోడిగీతలు, తప్పులు కూడా ఉంటాయి. ఏమనుకోకు.

ప్రాణం తీసి తీర్పు చెప్పే తల్లిని కొలిచే ఇల్లు మాది. అందుకే గుమ్మం దగ్గర ఎవరినీ "లోపలికి రా" అనం. ఆ మాట వింటే తల్లే వచ్చేస్తుందని భయం. "ఒక్కసారైనా రమ్మనవేం బావా?" అని నువ్వు నిష్ఠూరమాడేవాడివి.

మీ అక్క మంచం పట్టిన సంగతి తెలుసుగా. పొద్దున్నుంచీ ఒకటే మాట.

"ఈ నొప్పి ఇక ఓర్చలేను. తల్లిని పిలువయ్యా. నా గొంతు వాకిలి దాకా పోదు."

కూర్చోలేను, నిలబడలేను. గదిలోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి గదిలోకి తిరిగాను. చివరికి తలుపు తీసి "రామ్మా" అన్నాను.

తల్లి గోనెపట్టాకు కాళ్ళు తుడుచుకుని లోపలికి వచ్చింది. మీ అక్క మీద దుప్పటి సర్ది, నా వైపు తిరిగింది.

"దీనికింకా వేళ కాలేదు. పిలిచిందెవరు?"

"నేనేనమ్మా."

"పిలిచినవాళ్ళకే తీర్పు. చెప్పులేసుకో."

"ఈయనెప్పుడూ ఇంతే!" అని మీ అక్క భోరుమంది. "నాకని తెచ్చింది తనే తినేస్తాడు."

ఈ కార్డు రాసేదాకా ఆగమని బతిమాలుకున్నాను. తల్లి గడప మీద కూర్చుంది. తీర్పేమిటో ఇంకా చెప్పలేదు. నాకు దాని గురించి కాదు బెంగ. మీ అక్క తనంతట తాను లేచి పొయ్యి వెలిగించుకోలేదు.

నిన్ను రమ్మని రాయడానికి భయంగా ఉంది. జవాబు మాత్రం తొందరగా రాయి. నా పేరున కాదు, మీ అక్క పేరున.