నూట పన్నెండు ఎవరిది?

"మీ పాప హాల్‌టికెట్టు గూడూరు కాలేజీకి పోయిందక్కా. ఆడ కూడా నూట పన్నెండో నంబరు మునిలక్ష్మే, నాయన మునిరత్నమే," అంది మా ఊరి కాలేజీ గుమాస్తా జెస్సీ.

సిద్ధమ్మ మొగుడివైపు చూసింది. మునిలక్ష్మి మునిరత్నం వాళ్లమ్మ పేరు; పెద్ద మనవరాలికి ఆ పేరే ఉండాలని పట్టుబట్టి పెట్టినాడు. నిమ్మకాయల బేరమని వారంవారం గూడూరు పోయేదీ ఆయనే.

"కంప్యూటర్ తప్పు!" అన్నాడు మునిరత్నం.

"నంబరొకటే తప్పు సార్. కంప్యూటర్లో అందరి పేర్లుండే పెద్ద టేబులు కింద ఊరికొక పిల్ల టేబులుండాది. దేనికది తన నంబర్లే చూసుకుంటుంది, పక్కదాన్ని చూడదు. పేర్లు మీరు రాసిచ్చినవే."

"ఆ బిడ్డ ఎప్పుడు పుట్టింది పాపా?" అడిగింది సిద్ధమ్మ.

"మీ పాపకన్నా రెండేండ్లు ముందు. ఇద్దరిలో ఒకరి నంబరు మార్చల్ల."

సిద్ధమ్మ కొంగు సర్దుకుంది.

"మాదే మార్చు తల్లీ. చిన్నిల్లు మాదేనంట, ఇప్పుడే తెలిసింది."