పేరు పీకెయ్

"తెరవగానే ఎవడిదో పేరు కనిపిస్తోంది. పీకేసి నాది పెట్టు," అన్నారు మా గ్రాఫిక్స్ ఆఫీసు ఓనరు చలమేశ్వరరావు గారు.

"సినిమా టైటిల్స్ వేసే ఈ ప్రోగ్రాం రాసినాయన పేరండీ అది. ఇంటర్నెట్‌లో అందరికీ ఊరికే ఇచ్చాడు. పేరు ఉంచమన్నదొక్కటే షరతు."

"ఊరికే వచ్చినదానికి పేరొకటా? పీకెయ్!"

పీకేశాను. జీతమిచ్చేది ఆయనే మరి. దాంతోనే ఓ కొత్త సినిమాకి టైటిల్స్ చేశాను.

ఫిల్మ్‌నగర్‌లో ప్రివ్యూ. టీలందించినవాడి పేరు కూడా తెరమీద పడింది. మా ఓనరుది పడలేదు. జూబ్లీహిల్స్ దాకా వినపడేలా అరిచారు.

"నా పేరు పీకిందెవడ్రా? పైసా తీసుకోకుండా చేసిపెట్టానే, ఆ ఒక్క పేరు కోసం!"

"నేనేనండీ," అన్నాను. "ఆ ప్రోగ్రాం రాసినాయన కూడా అంతేనండీ."