దుమ్ము లేని తావు

గేటు మీది తెరపై 318 అని ఎర్రగా వెలిగింది. అది చూసి విజయేందర్‌కు బీపీ కూడా అంతకే ఎక్కినట్టయింది.

గోదావరి ఒడ్డున ఓ ప్రైవేటు బొగ్గు కంపెనీ కాలనీకి ఆయన పర్యావరణ అధికారి. సోమవారం కమిటీ వస్తుంది. గాలిలో దుమ్ము అరవై లోపుంటే 'హరిత కాలనీ' అవార్డు, దాని వెనకే ఆయనకు ప్రమోషను. లేదంటే మళ్లీ గని పక్కన రేకుల షెడ్డే.

"ఏందమ్మా గిది?" అన్నాడు కొత్త ఇంజనీరు ప్రవళికతో. చిట్టి కంప్యూటరు లాంటి, అగ్గిపెట్టెంత మైక్రోకంట్రోలర్ బోర్డుకు దుమ్ము కొలిచే సెన్సరు తగిలించి, డబ్బాలో పెట్టి, గేటు పక్కన బిగించింది ఆమే. డబ్బా ఎక్కడున్నా లోపలి సిమ్ము నిమిషానికోసారి అంకెను తెరకు పంపుతుంది.

"గాలిల ఎంతుంటె గంతే సూపిస్తది సార్."

"గేటు కాడ లారీలు తిరుగుతయి. ఈడ పెడితె గట్లనే సూపిస్తది!"

అటెండరు సత్తవ్వను పిలిచాడు. పొద్దున ఆఫీసు, మధ్యాహ్నం ఆఫీసర్ల బంగళాలు ఊడ్చేది ఆమే.

"సత్తవ్వా, కాలనీల దుమ్ము లేని తావు నీకంటె ఎవలకెరుక? గీ డబ్బ తీస్కపోయి ఆడ పెట్టు. మల్ల నన్నడగకు."

సత్తవ్వ అడగలేదు.

మర్నాడు 286.

"జర సక్కని తాన పెట్టినవా?"

"రెండు పూటల తడిబట్ట పెట్టి తుడుస్త సార్. గంతకన్న సాఫ్ తావు కాలనీల లేదు."

అయితే సెన్సరే ఖరాబన్నాడు. కరీంనగర్ నుంచి కొత్తది తెప్పించాడు. సత్తవ్వ డబ్బా తెచ్చి, సెన్సరు మార్పించుకుని, తీసుకెళ్లి అక్కడే పెట్టింది. 291. ఇంకోటి తెప్పించాడు. 294. కొండగట్టు అంజన్నకు నూటొక్క కొబ్బరికాయలు మొక్కాడు. 302. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ప్రవళిక చదువునూ, చదివిన కాలేజీనీ తిట్టిపోశాడు.

అంతలో ఇంటి నుంచి, చిన్నారి కూతురి గురించి ఫోను.

"భూమిక దగ్గు తగ్గుతలేదు. డాక్టరుకు సూపిద్దామా?" అంది భార్య పద్మలత.

"ఐస్‌క్రీం బంద్ చెయ్, అదే తగ్గుతది. నేనే ఈడ పరేషాన్ల ఉన్న."

ఆదివారం ప్రవళిక కుర్చీ వెనక నిలబడ్డాడు.

"సెన్సరు ఏమన్న అననీ. తెర మీద నలభైకి అటిటుగ రావాలె. ఒక్క తీరుగ ఉంచకు, డౌటొస్తది."

కీబోర్డు మీద ఆమె వేళ్లు ఆగాయి. "సార్, గా అంకెను నమ్మి జనం పిల్లలను బయట ఆడిస్తరు."

"జనం పీల్చేది గాలిని, అంకెను కాదు. రాయి!"

ఉద్యోగం కొత్త. ప్రవళిక ప్రోగ్రాం మార్చి రాసింది.

సోమవారం తెర మీద 41 పచ్చగా నవ్వింది. కమిటీ పెద్దాయన గుండెల నిండా గాలి పీల్చి, ఐదు నిమిషాలు దగ్గి, కాలనీని మెచ్చుకున్నాడు. శాలువా కప్పారు. చప్పట్లు కొట్టారు.

శాలువా తీయకుండానే విజయేందర్ ఆఫీసుకొచ్చాడు. మనసు తేలికై, సత్తవ్వను నవ్వుతూ పలకరించాడు.

"ఇగ గా డబ్బ పట్కరా. ఇంతకు యాడ పెట్టినవ్ సత్తవ్వా?"

"కిటికీలు మూసి, ఏసీ ఏసి ఉంటదని, మీ బంగ్లల భూమిక పాప మంచం పక్కన్నే పెట్టిన సార్."