తమ్ముడి కణాల చప్పుడు

ఒక్క నిమిషం ఆగండి, చెవొగ్గి వినండి. టప్... టప్టప్... అది ల్యాబ్‌లో స్పీకర్. తమ్ముడి చర్మం ముక్క నుంచి అక్క గాజుపళ్లెంలో పెంచిన మెదడు కణాలు ఒకదాంతో ఒకటి ముచ్చట్లాడుకునే చప్పుడు.

"నా బుర్ర ఎలా ఉందే అక్కా?" ఫోన్లో తమ్ముడు.

"నీకన్నా నయంరా, చెప్పిన మాట వింటుంది!"

పకపకా నవ్వాడు.

కణాలు ఒకదాంతో ఒకటి కలిసే అతుకుల్ని మైక్రోస్కోపులో చూడాలంటే ముందు కణాల్ని చంపాలి. ఈ రాత్రి దాటితే పరీక్షకు వాటి వయసు మించిపోతుంది, ఏడాది కష్టం మట్టిపాలే. అక్క కణాల్ని చంపే మందు ఒక్క చుక్క పళ్లెంలో వేసింది.

చప్పుడు ఆగింది. ఫోన్లో నవ్వూ ఆగింది.

"ఒరేయ్?"

స్పీకర్లో మళ్లీ టప్... కణాలింకా చావలేదు. ఫోన్లో తమ్ముడి గొంతు: "ఏంటోనే, ఉన్నట్టుండి కళ్లు బైర్లు కమ్మాయి."

ఒకసారైతే ఏదో అలా జరిగిందనుకోవచ్చు. నిజం తేలాలంటే మళ్లీ చేసి చూడాలి, అక్కకి చదువు నేర్పిందదే. మీరైతే రెండో చుక్క వేస్తారా?